మబ్బులో మామయ్య మాటలు

పళ్లెం వెళ్లింది వెళ్లినట్టే వెనక్కి వచ్చింది.

“ఇవాళ కూడా ముట్టుకోలేదా?” అన్నాడు భర్త గుమ్మం అవతల నుంచే. తండ్రి గదిలోకి అడుగు పెట్టే ధైర్యం నిన్నటి నుంచీ అతనికి లేదు.

కోడలు పళ్లెం మీద మూత పెట్టి గట్టు మీద ఓ మూలకి నెట్టింది.

గదిలో మామయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఒళ్లో కొత్త ఫోను. పాతదానికన్నా పెద్దది, పల్చనిది, అద్దంలా మెరుస్తోంది. అందులో ఉన్నది ఒకే ఒక్క ఫొటో: ఫోన్ల షాపులో నవ్వుతూ కొడుకు తీసుకున్న తన ముఖం. నిన్నంతా మామయ్య ఎడమ బొటనవేలితో ఆ అద్దాన్ని పైకీ కిందికీ, అటూ ఇటూ తోస్తూనే ఉన్నాడు. ఎటు తోసినా కొడుకు ముఖమే. సాయంత్రానికి తోయడం మానేశాడు.

“నా తప్పేనంటావు,” అన్నాడు భర్త.

“నేనేమన్నా అన్నానా?”

“అనకుండా ఉన్నావు చూడు, అది అన్నదానికన్నా ఎక్కువ.”

“సరే, అంటాను. పాత ఫోను ఇచ్చేసే ముందు నాతో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.”

“బ్యాకప్ పూర్తయిందని ఉంది. ఈ రెండు కళ్లతో చూశాను. పక్కన టిక్కు కూడా ఉంది. అది చూశాకే తుడిపించి, మార్పిడి కింద షాపువాళ్లకి ఇచ్చేశాను.”

“టిక్కు ఉంటే ఫొటోలేవి?”

“నాన్న నంబరుకి కోడు తెప్పించి, పాస్‌వర్డు మార్చి ఆయన అకౌంటు తెరిస్తే ఏమీ లేదు. అదే అర్థం కావట్లేదు.”

“అర్థం కాకముందే తుడిపించేశారు. లిఫ్టు కింద మనిషున్నాడో లేడో చూడకుండా స్విచ్చి నొక్కుతారా మీరు?”

అతను లిఫ్టు మెకానిక్కు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. చెప్పుల స్టాండు వైపు చూస్తూ నిలబడ్డాడు. అనేశాక కోడలికీ బాధేసింది. పాపం, చెడగొట్టాలని కొన్నాడా? పాత ఫోను బ్యాటరీ ఉబ్బి వెనక రేకు లేస్తుంటే, నాన్న చేతిలో ఎక్కడ పేలుతుందోనని హడలిపోయి కొన్నాడు. మంచికి పోతే చెడు ఎదురైంది.

ఫొటోలు పోతే మనిషి అన్నం మానేస్తాడా అని బయటివాళ్లు అనుకోవచ్చు. అనుకోనివ్వండి. ఆ ఇంట్లో ఫొటోల సంగతి వేరు.

మామయ్య ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్టాండులో మైకు ముందు కూర్చున్నాడు. ఏ బస్సు ఎక్కడికి, ఏ దారిన, ఏ ప్లాట్‌ఫాం మీద అన్నది ఆయన నోటి వెంట వస్తే తప్ప జనం మూటా ముల్లే ఎత్తేవారు కాదు. వీధిలో ఇప్పటికీ ఆయన్ని మైకు మామయ్య అనే అంటారు. అలాంటి గొంతుని పోయిన ఏడాది పక్షవాతం పట్టుకుపోయింది. కుడిచెయ్యి కొంచెం కొంచెంగా తిరిగి వస్తోంది కానీ మాట రాలేదు. రాయబోతే అక్షరమూ రాదు. అవునుకీ కాదుకీ తల ఊపడంలోనూ తడబాటే. కాదనబోయి అవునని ఊపేసి, తన తల మీద తనే విసుక్కుంటాడు.

“ఆయన మనసులో అన్నీ ఉన్నాయమ్మా. ఇల్లు సర్దినట్టే ఉంది, తలుపే తెరుచుకోవట్లేదు. బొమ్మలు పెట్టి చెప్పించు,” అంది ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ.

కోడలు ఆ మాట పట్టుకుంది. అప్పటికి ఆమె రంగుల షాపులో పనిచేసేది. గోడకి ఎవరికి ఏ ఛాయ కావాలన్నా డబ్బాలో చుక్కలు వేసి కలిపి ఇచ్చేది. షాపు నుంచి రంగుల కార్డులు తెచ్చి, వాటిని ఫొటో తీసి, మామయ్య ఫోనులో ఒక్కో ఫోల్డరుకీ ఒక్కో రంగు ముఖంగా పెట్టింది. చదవక్కర్లేదు, రంగు చూసి నొక్కితే చాలు. తిండికీ నీళ్లకీ పసుపు. నొప్పులకి ఎరుపు. మనుషులకి ఆకుపచ్చ. చోట్లకీ సామాన్లకీ నీలం. ఆ తర్వాత ఆయన్ని చూసుకోవడానికి పనే మానేసింది.

మొదట్లో ఫొటోలన్నీ ఆమే తీసి పెట్టింది. పోనుపోను మామయ్యే ఎడమచేత్తో తీసుకోవడం మొదలుపెట్టాడు. వంకరటింకరగా, సగం బొటనవేలు అడ్డంగా వచ్చేవి. అయినా ఎవరి మాటలు వాళ్లవి. తలనొప్పి తెప్పించే పక్కింటి రేడియోని తీసి నొప్పుల్లో పెట్టుకున్నాడు. ఆదివారం సోఫాలో పడి నిద్రపోయే కొడుకుని తీసి సామాన్లలో, బీరువా పక్కన పెట్టుకున్నాడు. మాట పోయింది కానీ చమత్కారం ఎక్కడికీ పోలేదు. అలా కూడబెట్టుకున్న మాటలన్నీ మొన్న సాయంత్రం ఫోన్ల షాపు బల్ల మీద ఒక్క నొక్కుతో పోయాయి.

గేటు దడాలున తెరుచుకుంది. ఆ తెరిచిన తీరుని బట్టే వచ్చింది ఎవరో తెలిసింది.

“ఏరా, నాన్న మాటల్ని మబ్బుల్లో దాచావటగా?” అంటూనే వచ్చింది వదిన, చేతిలో ఖాళీ సంచీతో. “ఇంట్లో బీరువా లేదా? అటక లేదా? మబ్బే దొరికిందా నీకు?”

“క్లౌడ్ అంటే నిజం మబ్బు కాదక్కా...”

“నాకు తెలుసులే. నాకూ ఉంది క్లౌడు. కానీ నేను పాత ఫోను పారేయలేదు.”

వదిన పెద్దాసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. కోపం వస్తే ఆమె చేతులు ఊరుకోవు, కనిపించిందల్లా మడత పెడతాయి. కుర్చీ మీది తువ్వాలు తీసి మడత పెట్టి అక్కడే పెట్టింది. దుప్పటి మడత పెట్టింది. తమ్ముడి చొక్కా ఆరవలేదని కూడా చూడకుండా మడత పెట్టేసింది. అప్పుడు తండ్రి గదిలోకి వెళ్లి ఆయన ముందు నేల మీద కూర్చుంది. ఇందాకటి దురుసు ఆ గొంతులో లేదు.

“నాన్నా, ఎందుకు తినట్లేదు? ఎక్కడైనా నొప్పిగా ఉందా?”

మామయ్య కొత్త ఫోను ఎత్తి చూపించాడు. నవ్వుతున్న కొడుకు ముఖం.

“ఏంటి, వీడా? వీడే నొప్పా?”

ఆయన కాదని ఊపబోయాడు. తల పైకీ కిందికీ ఊగింది. మళ్లీ అడ్డంగా ఊగింది. కళ్లు గట్టిగా మూసుకుని కుర్చీ చేతి మీద ఎడమ అరచేత్తో ఒక్కటి కొట్టాడు. గుమ్మంలో నిలబడ్డ కోడలికి ఆ దెబ్బ తన మీద పడ్డట్టే అయింది.

వదిన లేచి హాల్లోకి వచ్చింది. “బట్టలు సర్దండి. నాన్నని మా ఇంటికి తీసుకెళ్తున్నాను.”

“అదేంటక్కా?”

“అదేంటంటే అదే. మాది ఆసుపత్రి పక్కనే. రేపు ఈయనకి గుండెల్లో నొప్పొస్తే ఇక్కడ ఎవరికి చెప్తాడు? దేంతో చెప్తాడు?”

“మళ్లీ తీస్తాను వదినా,” అంది కోడలు. “ఇవాళే మొదలుపెడతాను. మంచినీళ్ల గ్లాసు దగ్గర్నుంచి...”

“ఏడాది పట్టిందమ్మాయ్ అన్నీ తీయడానికి. ఇంకో ఏడాది పనీ పాటా మానుకుని కూర్చుంటావా? మీ షాపాయన వేరేవాళ్లని పెట్టుకుంటానని ఫోను చేశాడట కదా.”

కోడలు భర్త వైపు చూసింది. భర్త చెప్పుల స్టాండు వైపు చూశాడు. ఆ ఫోను పోయిన వారం వచ్చింది. వంటింట్లో నిలబడి, గొంతు తగ్గించి, ‘ఇప్పట్లో రాలేనండీ’ అని ఆమె పెట్టేసింది. భర్తకి తప్ప ఎవరికీ తెలియదనుకుంది.

“నా పని సంగతి చూడమని నేనెవర్నైనా అడిగానా?”

“అడగవు. అదే నీతో వచ్చిన చిక్కు.”

“మామయ్యకి ఇష్టమో కాదో తెలుసుకోకుండా ఎలా తీసుకెళ్తారు?”

“మా నాన్న మనసు నాకు తెలియదా?”

“నాకు తెలుసని నేనంటే మీరు ఒప్పుకుంటారా?”

నిజం చెప్పాలంటే ఇద్దరికీ తెలియదు. తెలిసిన మనిషి పక్కగదిలోనే ఉన్నాడు.

“సాయంత్రం దాకా ఆగండి,” అంది కోడలు చివరికి.

“ఆగుతాను. తర్వాత బండి పిలుస్తాను.”

కోడలు వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. ఆయన వెళ్లడం ఒక్కటే కాదు ఆమె భయం. ఇష్టపడి వెళ్లాడో, ఎవరో ఎత్తుకెళ్లిన సంచీలా వెళ్లాడో ఎప్పటికీ తెలియదు. అది ఎలా భరించడం?

తలుపు వెనక మేకుకి ఆమె పాత ఏప్రాన్ వేలాడుతోంది, ఊరి గోడలన్నిటి రంగులూ మరకలుగా అంటించుకుని.

పెళ్లయిన కొత్తలో రంగుల షాపులో పని దొరికిందంటే బంధువులు ముక్కున వేలేసుకున్నారు. డబ్బాలు మోసే చోట ఆడపిల్లకేం పని అన్నారు. మామయ్య ఏమీ అనలేదు. మొదటిరోజు ఆమె బస్టాండులో బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంటే, పైనుంచి ఆయన గొంతు మోగింది: “ప్రయాణికులకు గమనిక. మా ఇంటి కోడలు ఇవాళ మొదటిసారి ఉద్యోగానికి వెళ్తోంది. రంగుల షాపు మీదుగా వెళ్లే బస్సు మూడో ప్లాట్‌ఫాం మీద సిద్ధంగా ఉంది. కండక్టరుగారు ఆమెకి కిటికీ పక్క సీటు చూడవలసిందిగా మనవి.”

బస్టాండు బస్టాండంతా నవ్వింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. పై అధికారులు మామయ్యకి మెమో ఇచ్చారు. సాయంత్రం ఆమె సంజాయిషీ చెప్పుకోబోతే, “మెమోదేముందమ్మా, సీటు దొరికిందా లేదా?” అని అడిగాడు. దొరికింది. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఆమె కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఇంత మంచి ఇంట్లో పడ్డానా అని ఆ రోజు అనుకున్న మాట మళ్లీ వెనక్కి తీసుకోవాల్సిన అవసరం ఆమెకి రాలేదు.

ఆమె ఫోను టింగుమంది. ‘మీ స్టోరేజీ దాదాపు నిండిపోయింది.’

నెలల తరబడి ఇదే గోల. “నీ మొహం, నా దగ్గరేముందని నిండడానికి?” అని తిట్టి పక్కకి తోసేయడం ఆమెకి అలవాటు. ఆమె ఫొటోలు తీసేదే తక్కువ, తీసినవీ గోడల రంగులే. ఇవాళ మాత్రం ఇంట్లో తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. దీని సంగతేదో తేల్చేద్దామని తెరిచింది. ‘ఎక్కువ జాగా తింటున్నవి ఇవి, తీసేయమంటారా?’ అని అడిగింది ఫోను. అన్నిటికన్నా పైన ఏదో వీడియో ఉంది. నొక్కింది.

పక్కింటి రేడియో ఒక్కసారిగా వంటిల్లు అదిరేలా మోగింది.

తెర మీద పక్కింటి కిటికీ, దాని గట్టు మీద రేడియో, అడ్డంగా సగం బొటనవేలు. మధ్యలో “ఊఁ... ఊఁ...” అని విసుగ్గా మామయ్య మూలుగు.

కోడలు కిందికి తోసింది. సోఫాలో పడి నిద్రపోతున్న భర్త. గ్లాసు. దిండు. మోకాలు. ఇంకా తోస్తే ఇంకా ఉన్నాయి. తోస్తున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి.

“ఏవండీ!”

ఆ కేకకి భర్తా వదినా ఒకేసారి గుమ్మంలో ఇరుక్కున్నారు.

“ఇవి నీ ఫోనులోకి ఎలా వచ్చాయి?”

“ఫోనులో లేవండీ. నా అకౌంట్లో ఉన్నాయి!”

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. ఆసుపత్రి వార్డులో డాక్టరమ్మ పక్కన నిలబడి చెప్పింది: “కెమెరా ఫోల్డరు ఒక్కటే దానంతటది బ్యాకప్‌కి వెళ్తుందమ్మా. మిగతా ఫోల్డర్లకి దేని స్విచ్చి దానికుంటుంది. అన్నీ ఆన్ చెయ్యి, కొత్తది పెట్టినప్పుడల్లా చెయ్యి.” చేయబోతే ఏ అకౌంటు అని ఫోను అడిగింది. మామయ్య పాస్‌వర్డు మామయ్యకే తెలుసు, చెప్పడానికి నోరు లేదు. ఈ పూటకి నాది పెడదాం, తర్వాత మార్చుకోవచ్చు అనుకుంది. ఆ పూట అలా సాగుతూనే ఉంది. ఆయన తీసిన ప్రతి మాటా చప్పుడు చేయకుండా వచ్చి ఆమె వాకిట్లో కూర్చుంది. స్టోరేజీ నిండక ఏం చేస్తుంది?

“చూశారా! నా టిక్కు అబద్ధం కాదు!” భర్త ముఖంలోకి రెండు రోజుల తర్వాత రక్తం వచ్చింది.

“అబద్ధం కాదండీ. మీరు వెతికిన ఇల్లు వేరు.”

“మీ సంబరం తర్వాత,” అంది వదిన. “ముందు నాన్నకి ఒక్కటి చూపించండి.”

చూపించడానికి వెళ్లనక్కర్లేకపోయింది. రేడియో మోత విని మామయ్యే చేతికర్ర ఊతంతో వచ్చి వాళ్ల వెనక నిలబడ్డాడు. కోడలు తన ఫోనుని ఆయన కళ్ల ముందు పెట్టింది. ఆయన బొటనవేలు కాసేపు గాలిలోనే ఉండిపోయింది. తర్వాత మెల్లిగా కిందికి దిగి, తోసి, తోసి, ఒక చోట ఆగింది.

మంచినీళ్ల గ్లాసు.

ఆమె నీళ్లిచ్చింది. గటగటా తాగాడు. మళ్లీ తోశాడు. మూత పెట్టిన పళ్లెం. ఆమె గట్టు మూల నుంచి పళ్లెం తెచ్చి వేడి చేయబోతే చెయ్యి పట్టి ఆపి, ఉన్నది ఉన్నట్టు తినేశాడు. వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. కోడలు మనసులోనే దండాలు పెట్టుకుంది. స్విచ్చి గురించి చెప్పిన డాక్టరమ్మకి, నెలల తరబడి తిట్లు తిన్నా పట్టు వదలని ఆ మెసేజీకి, ఎవరికి పెట్టాలో తెలియని ఇంకెవరికో.

భోజనాల బల్ల చుట్టూ నలుగురూ కూర్చున్నారు. భర్త కొత్త ఫోనులో భార్య అకౌంటు పెట్టాడు. ఫొటోలన్నీ దిగాయి కానీ, తీసిన తేదీల వరసన ఒకే కుప్పగా దిగాయి. పసుపూ లేదు, ఎరుపూ లేదు.

“మాటలొచ్చాయి, అరలు రాలేదు,” అన్నాడు భర్త దిగులుగా.

“అరలు మనం కట్టుకుందాం,” అంది కోడలు. బీరువాలోంచి పాత రంగుల కార్డులు నాలుగూ తెచ్చి బల్ల మీద పరిచింది. మొదటి రోజు ఫొటోల నుంచి మొదలుపెట్టారు. భర్త ఒక్కోటీ తెరవడం, మామయ్య ఒక్కో కార్డు మీద వేలు పెట్టడం. మడతల లెక్కలు చూసిన వదినకి ఇలాంటి పని కొట్టిన పిండి. దుప్పట్లు విడదీసినట్టు చకచకా చెప్పుకుపోతోంది.

“కుక్కరు. పసుపు. ఆ తర్వాతది... ఇది నేను కదూ! నాన్నా, నేను ఆకుపచ్చ.”

మామయ్య వేలు పసుపు కార్డు మీదే ఉంది.

“నన్ను కుక్కరు పక్కన పెడతావా? ఎందుకూ?”

మామయ్య ఎడమచెయ్యి నోటి దగ్గర పెట్టుకుని ఈల వేసినట్టు చూపించాడు. భుజాలు కదిలేలా నవ్వాడు. తమ్ముడు బల్ల కిందికి వంగిపోయి నవ్వాడు. వదిన కాసేపు మూతి ముడుచుకుని, ఇంక ఆపుకోలేక తనూ నవ్వేసింది. నవ్వుతూనే ఏడ్చింది.

“ఇంత మాట అనగలిగినవాణ్ణి మూగవాడంటారేంట్రా జనం!”

ఫొటోలు సాగాయి. ఆసుపత్రి మంచం కమ్మీ. పైకప్పు. తర్వాత తర్వాత, ఏ ఫొటో తీసినా దాని మూలన ఎక్కడో కోడలు ఉంది. కూరల బుట్ట తీస్తే వెనక ఆమె వీపు. మందుల డబ్బా తీస్తే మూత తిప్పుతున్న ఆమె వేళ్లు. కుర్చీ తీస్తే అందులో కూర్చుని నిద్రలోకి జారిన ఆమె తల. తను ఇంతగా కనిపిస్తానని ఆమెకి తెలియదు. వదిన కూడా వాటినే చూస్తోంది.

“అయిపోయాయి,” అన్నాడు భర్త. “ఇంకో నాలుగే. కొత్త ఫోను తెచ్చిన రోజు పొద్దున తీసినవి. ఇవి ఎందులో నాన్నా?”

మామయ్య ఏ కార్డునీ తాకలేదు. విడదీయొద్దన్నట్టు అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఫోను తన వైపుకి లాక్కుని, నిటారుగా కూర్చున్నాడు. ఒకప్పుడు మైకు ముందు అలాగే కూర్చునేవాడు. మొదటి ఫొటో తెరిచి కోడలి ముందు పెట్టాడు.

మేకుకి వేలాడుతున్న ఆమె ఏప్రాన్.

రెండోది తోశాడు. కిటికీ ఊచల్లోంచి, వీధి చివర ఆగిన బస్సు. రంగుల షాపు మీదుగా వెళ్లేది.

మూడోది హాలు గోడ మీది ఫ్రేము. అందులో వదిన తన ఇంటి గేటు పట్టుకుని నిలబడి ఉంది. ఫ్రేము అద్దంలో ఫోను ఎత్తిపట్టుకున్న మామయ్య నీడ లీలగా పడింది.

నాలుగోది గుమ్మం పక్కన ఆయన చేతికర్ర, పక్కనే ఆయన చెప్పులు, ముందు వైపు వీధికి తిప్పి.

ఎవరు, ఏ బస్సు, ఎక్కడికి, ఎవరు సిద్ధం. ప్రయాణికులకు గమనిక చెప్పే వరసే అది. కోడలికి ఒక్కసారిగా మూడో ప్లాట్‌ఫాం గుర్తొచ్చింది. వంటింటి తలుపు వెనక తగ్గించి మాట్లాడిన తన గొంతూ గుర్తొచ్చింది. ఆయన వినేశాడు.

“ఏమంటున్నాడు?” అంది వదిన. ఆమెకీ అర్థమైందని గొంతే చెబుతోంది.

“నన్ను షాపుకి వెళ్లమంటున్నారు,” అంది కోడలు. నాలుగో ఫొటో వైపు మళ్లీ చూసింది. “తను మీ ఇంటికి వస్తారట.”

మామయ్య ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. ఆ చెయ్యే తీసి ఆమె తల మీద పెట్టాడు. దానికి ఫొటో అక్కర్లేదు.

అందరూ వదిన వైపు చూశారు. దేని కోసం గేటు దడాలున తెరిచి వచ్చిందో అది దొరికింది. కానీ ఆమె చేతులు ఒళ్లోని ఖాళీ సంచీని మడత పెడుతున్నాయి. సగానికి, మళ్లీ సగానికి, ఇంక మడత పడనంత దాకా.

“నేనేదో కోపంలో అన్నాను నాన్నా,” అంది. “ఇన్ని ఫొటోలు చూశాక ఏ మొహం పెట్టుకుని తీసుకెళ్లను?”

“పోనీ నేను రాత్రి షిఫ్టుకి మారతాను...” అని మొదలుపెట్టాడు భర్త.

“మీరుండండి,” అంది కోడలు.

ఆమె లేచింది. గోడకి ఆనించి ఉన్న మామయ్య చేతికర్ర తీసుకుని, వంటింటి తలుపు వెనక ఏప్రాన్ వేలాడుతున్న మేకుకే దాని వంపు తగిలించింది. ఒకే మేకుకి రెండూ. కొత్త ఫోనుతో ఫొటో తీసింది. అది కూడా కొంచెం వంకరగానే వచ్చింది. తెచ్చి, ఆయన నాలుగు ఫొటోల తర్వాత ఐదోదిగా ఆయన ముందు పెట్టింది.

“పనికి వెళ్తాను మామయ్యా. వెళ్లనని అనను,” అంది. “కానీ సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి ఈ కర్ర ఈ ఇంట్లోనే ఉండాలి. పగలు ఎవరుంటారు, ఎలా అన్నది నేను చూసుకుంటాను. అది నా మాట. ఇప్పుడు మీ మాట చెప్పండి.”

మామయ్య ఆ ఫొటోని చాలాసేపు చూశాడు. కళ్ల నిండా నీళ్లు, పెదవుల మీద ఇందాకటి కుక్కరు నవ్వు, రెండూ ఒకేసారి ఉన్నాయి. ఫొటో అడుగున రెండు గుర్తులు వెలుగుతున్నాయి. ఇటు చివర, దాచమంటే దాచడానికి చిన్న మబ్బు. అటు చివర, తీసేయమంటే తీసేయడానికి చెత్తబుట్ట.

ఆయన ఎడమ బొటనవేలు మెల్లిగా పైకి లేచి, మబ్బు వైపు కదిలింది.